అభిప్రాయములలోని మార్పును కొలుచుట ఎట్లు?

సంతలో ఒక వర్తకుని కాటా చెడిపోయినదనుకొందము. దానిపై ఏది పెట్టినను అసలు బరువుకంటె అరకిలో ఎక్కువ చూపుచున్నది. అట్టి కాటాను నమ్మి గుమ్మడికాయను కొన్నవాడు తప్పక నష్టపోవును. కాని ఒక మేకపిల్లను వారమువారము ఆ కాటాపైననే తూచుచు వచ్చినచో, అది వారమునకు ఎంత పెరిగినదో సరిగా తెలిసికొనవచ్చును. రెండు తూనికలలోను దోషము ఒక్కటియే గనుక తీసివేతలో అది పోవును. అయితే ఇందుకొక నియమము గలదు. కాటాలోని దోషము మారకుండ నిలిచియుండవలెను. అదియు మారుచున్నచో, పెరిగినది మేకపిల్లయో, మారినది కాటాయో చెప్పుటకు వీలుండదు.

ఎన్నికల కాలమున “ఫలానా అభ్యర్థికి బలము పెరిగినది, ఫలానా అభ్యర్థికి తగ్గినది” అను వార్తలను మనము తరచుగా చదువుచుందుము. ఆ బలమును కొలిచిన కాటా ఎట్టిదని అడుగువారు తక్కువ. ఈ ప్రశ్నను విచారించుటకు అమెరికాలో జరుగు ప్రైమరీ ఎన్నికలు మిక్కిలి అనువైనవి.

ప్రైమరీ యనగానేమి?

అమెరికాలో నాలుగేండ్లకొకసారి నవంబరు నెలలో అధ్యక్షుని ఎన్నిక జరుగును. అంతకు ముందు ఒక్కొక్క పార్టీ తన అభ్యర్థిని నిర్ణయించుకొనవలెను. ఇందుకై ఆ సంవత్సరపు మొదటి నెలలలో ఒక రాష్ట్రము తరువాత మరియొక రాష్ట్రమున ఆ పార్టీ వారు ఓటు వేయుదురు. దీనినే ప్రైమరీ యందురు. కొన్ని రాష్ట్రములలో ప్రైమరీకి బదులు కాకస్ అను సభలు జరుగును.

నవంబరు ఎన్నికలో చాలమంది ఓటర్లను పార్టీ అభిమానము కట్టివేసియుంచును. ప్రైమరీలో పోటీ చేయువారందరును ఒక్క పార్టీవారే గనుక ఆ కట్టు అక్కడ పనిచేయదు. నేడు ఒకరిని మెచ్చినవాడు రేపు మరియొకరిని మెచ్చుట సులభము. పైగా పోటీలోనివారు నడుమనే విరమించుకొనుచుందురు. అప్పుడు వారిని బలపరచినవారు మరియొకచోటికి పోవలసినదే.

2020లో డెమొక్రటిక్ పార్టీ ప్రైమరీలను చూడుడు. జో బైడెన్ మొదట అయోవా రాష్ట్రమున నాలుగవ స్థానమున, తరువాత న్యూ హాంప్‌షైర్‌లో అయిదవ స్థానమున నిలిచెను. ఫిబ్రవరి 29న దక్షిణ కరోలినాలో గెలిచెను. మార్చి 1న పీట్ బూటిజెజ్, 2న ఏమీ క్లోబుషార్ పోటీనుండి తొలగిరి. 3వ తేదీన 14 రాష్ట్రములలో ఓట్లు పడగా అందులో పదింటిని బైడెన్ గెలుచుకొనెను. ఫిబ్రవరి నడుమ తీసిన లెక్క మార్చి మొదటి వారమునకు చెల్లని కాసయ్యెను.

లెక్కకు వచ్చినవారెవరు?

2003 జూన్ నెలలో, ప్రైమరీలకు ఇంకను ఏడు నెలలుండగనే, మూవాన్ అను రాజకీయ సంస్థ ఇంటర్నెట్ ద్వారా తన సభ్యులలో ఓటింగు జరిపెను. మూడు లక్షల పదిహేడు వేలమందికి పైగా పాల్గొనిరి. హోవర్డ్ డీన్‌కు నూటికి 44, డెనిస్ కుసినిచ్‌కు 24, జాన్ కెరీకి 16 వంతున ఓట్లు వచ్చెను. 2004 జనవరి 19న అయోవా కాకస్ జరిగినప్పుడు ప్రతినిధుల లెక్క ప్రకారము కెరీకి 38, జాన్ ఎడ్వర్డ్స్‌కు 32, డీన్‌కు 18 శాతము లభించెను. కుసినిచ్‌కు దక్కినది సుమారు ఒక శాతము మాత్రమే. కడకు పార్టీ అభ్యర్థియైనది కెరీయే.

ఈ వ్యత్యాసమునకు కారణమేమి? ఏడు నెలలలో జనుల మనస్సులు మారియుండవచ్చును. ఇది యొక కారణము. మూవాన్ సభ్యులును, అయోవా సభలకు వచ్చినవారును ఒకే తీరువారు కారు. ఇది మరియొకటి. ఒకవైపు ఇరాక్ యుద్ధమును ఎదిరించుచు తమంతట తాము చేరిన సభ్యులు, మరియొకవైపు ఒక్క రాష్ట్రపు పార్టీవారు. కేవలము ఈ రెండు లెక్కలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో, మార్పులో ఏ కారణము పాలు ఎంతయో వేరుచేయుట అసాధ్యము. మేకపిల్లను ఒకసారి ఒక కాటాపైన, మరియొకసారి వేరొక కాటాపైన తూచినట్లే యగును.

పాల్గొన్నవారి సంఖ్య పెద్దదైనంతమాత్రమున ఈ దోషము తీరదు. 1936లో లిటరరీ డైజెస్ట్ అను వారపత్రిక కోటి మందికి నమూనా ఓటుపత్రములను పంపెను. తిరిగి వచ్చినవి 23 లక్షలకు పైగా కలవు. వానినిబట్టి లాండన్ గెలుచునని ఆ పత్రిక ప్రకటించెను. గెలిచినది రూజ్వెల్టు, అదియు నూటికి 60కి పైగా ఓట్లతో. టెలిఫోనులు, మోటారు కార్లు గలవారి పట్టికలనుండి పేర్లు తీయుట ఒక తప్పు. జవాబు వ్రాసి పంపవలెనని పూనుకొన్నవారు పంపనివారివంటివారు కాకపోవుట మరియొక తప్పు. వంకర కాటాపై వేయిసార్లు తూచినను వంకర పోదు గదా!

అడిగినవారినే మరల అడుగుట

మార్పును తెలిసికొనుటకు మంచి మార్గము, అడిగినవారినే మరల మరల అడుగుట. దీనిని మొదట ఒక ఎన్నిక పొడుగున శ్రద్ధగా నడిపి చూపినవారు పాల్ లాజర్స్‌ఫెల్డ్, బెర్నార్డ్ బెరెల్సన్, హేజెల్ గోడె. 1940లో రూజ్వెల్టు, విల్కీ పోటీ చేసినప్పుడు వారు ఒహాయో రాష్ట్రములోని ఈరీ కౌంటీని ఎన్నుకొనిరి. అక్కడ ప్రతి నాలుగవ ఇంటికి పోయి సుమారు 3000 మందిని కలిసికొనిరి. వారినుండి 600 మంది చొప్పున నాలుగు బృందములను ఏర్పరచిరి. ఒక బృందమును మే నెల మొదలు నవంబరు వరకు నెలనెలకు ప్రశ్నించిరి. తక్కిన మూడు బృందములను, ఒక్కొక్క దానిని ఒక్కొక్క సమయమున, మరొక్కసారి మాత్రమే అడిగిరి.

ఈ మూడు బృందములు ఎందులకు? నెలనెలకు వచ్చి “ఎవరికి ఓటు వేసెదరు?” అని అడిగినచో, అడుగుటవలననే ఆ మనిషికి రాజకీయములపై ఆసక్తి పెరిగి, అతడు ఇతరులవంటివాడు కాకుండ పోవచ్చును. అట్లైనదేమోయని సరిచూచుకొనుటకే, ఎక్కువగా ప్రశ్నింపబడనివారిని ప్రక్కన ఉంచుకొనిరి. రసాయన ప్రయోగమున మందు కలుపని పరీక్షనాళిక యొకటి ప్రక్కన నిలుపుట వంటిదే యిది.

వారు కనుగొన్న విషయము నాటివారికి ఆశ్చర్యము కలిగించెను. అంతటి ప్రచారము జరిగినను, ఒక పక్షమును విడిచి ఎదుటి పక్షమునకు మారినవారు సుమారు నూటికి 8 మంది మాత్రమే. సగముమందికి పైగా తమ మొదటి నిశ్చయముననే స్థిరపడిరి. ఈ ఫలితములు 1944లో గ్రంథరూపమున వెలువడెను.

నికరపు మార్పు, మొత్తపు మార్పు

చెరువులో నీటిమట్టము రెండు అంగుళములు తగ్గినదన్నంత మాత్రమున, తూములో ఎంత పోయినదో, వాగునుండి ఎంత వచ్చినదో తెలియదు. అభిప్రాయములును అంతే. ప్రైమరీ కాలపు రాకపోకలను కంటితో చూడదగినచోటు అయోవా కాకస్. 2020లో అచ్చటి సభలలో, ఒక్కొక్క అభ్యర్థిని బలపరచువారు గదిలో ఒక్కొక్క ప్రక్కన చేరిరి. చాలచోట్ల నూటికి 15 మంది లేని గుంపు నిలువరాదు. అందలివారు మరియొక గుంపులో చేరవచ్చును. ఆ యేడు మొదటి లెక్కను, చివరి లెక్కను రెంటిని ప్రకటించిరి. బూటిజెజ్ బలము సుమారు 21 నుండి 25 శాతమునకు పెరిగెను. బైడెన్ బలము 15 నుండి 14 శాతమునకు దిగెను. మొదటి ఇష్టము మాత్రమే అడిగినవారికి ఈ కదలిక ముందుగా తెలియదు. “మీ అభ్యర్థి లేనిచో ఎవరిని కోరుదురు?” అని అడిగినవారికే తెలియును.

ఇప్పుడొక చిన్న లెక్క చేయుదము. ఇది ఊహించిన ఉదాహరణము. ఒక సంఘమున 400 మందిని అడుగగా 200 మంది రాముని, 200 మంది సోముని కోరిరి. నెల తరువాత వారినే అడుగగా రామునివైపునుండి 30 మంది సోమునివైపునకును, సోమునివైపునుండి 14 మంది రామునివైపునకును పోయిరి. రామునికి ఇప్పుడు 184 మంది. అనగా 50 శాతము 46 అయినది. నికరపు మార్పు 16 మంది. కాని నిజముగా మనస్సు మార్చుకొన్నవారు 44 మంది.

ఈ 4 శాతము తగ్గుదల నమ్మదగినదా? రెండవ మారు వేరే 400 మందిని అడిగియున్నచో నమ్మరాదు. 400 మంది గల యాదృచ్ఛిక మాదిరిలో ఒక్కొక్క లెక్కకు ప్రమాణ దోషము రెండున్నర శాతము. రెండు వేర్వేరు లెక్కల భేదమునకు దానిని 2 యొక్క వర్గమూలముతో గుణింపగా సుమారు మూడున్నర వచ్చును. కావున 4 శాతము తేడా కేవలము మాదిరుల హెచ్చుతగ్గులవలననే కలుగవచ్చును.

అడిగినవారినే అడిగినప్పుడు లెక్క వేరు. మారని 356 మంది రెండుసార్లును ఒకే జవాబు చెప్పిరి గనుక తీసివేతలో వారు పోవుదురు. మిగిలినవారు 44 మంది. వారు నాణెము ఎగురవేసినట్లు అటో ఇటో పోయినచో, చెరియొక 22 మంది ఉండవలెను; రెండు వైపుల భేదము సున్న చుట్టును, 44 యొక్క వర్గమూలమంత, అనగా సుమారు 6.6 మంది మేరకు ఊగుచుండును. మనకు వచ్చిన భేదము 16. ఇది దానికి రెండింతలకంటె ఎక్కువ. కావున ఈ మార్పు నిజమని తలచుటకు తగినంత ఆధారము గలదు. అదే 4 శాతము ఒక విధానమున సందేహము, మరియొక విధానమున సమాచారము!

కాటాయే మారినచో?

ఇక మొదట చెప్పిన నియమమునకు వత్తము. తమంతట తాము వచ్చి చెప్పువారి లెక్క, ఎంత వంకరదైనను, ఆ వంకర మారనిచో మార్పును చూపగలదు. మరి అది మారదని నమ్మవచ్చునా?

2012లో ఒబామా, రామ్నీ పోటీపడినప్పుడు ఎక్స్‌బాక్స్ అను ఆటల యంత్రముపై ఆడుకొనువారిని చివరి 45 దినములలో పరిశోధకులు ప్రశ్నించిరి. 3,45,858 మంది జవాబిచ్చిరి. వీరిలో నూటికి 93 మంది పురుషులు; దేశపు ఓటర్లలో పురుషులు 47 శాతమే. వీరిలో 30 ఏండ్లలోపువారు 65 శాతము; ఓటర్లలో 19 శాతమే. ఇంతకంటె వంకర కాటా దొరకుట కష్టము. అయినను ఈ వంకర ఎంతయో తెలిసియున్నది గనుక దానిని సవరింపవచ్చును.

సవరించు విధమిది. ఒక బృందమున 80 మంది బాలురు, 20 మంది బాలికలు ఉన్నారు. బాలురలో నాలుగవ వంతు, బాలికలలో ముప్పాతిక వంతు ఒక అభ్యర్థిని కోరిరి. ఊరక కూడినచో 20, 15 కలిసి 35 శాతము. కాని పాఠశాలలో బాలురు, బాలికలు సరిసమానమైనచో నిజమైన బలము 25కును 75కును నడిమిది, అనగా 50 శాతము. పరిశోధకులు వయస్సు, విద్య, రాష్ట్రము, పార్టీ మొదలగు పెక్కు విషయములలో ఇట్టి సవరణనే చేసిరి.

ఆ అక్టోబరు 3న జరిగిన మొదటి వాదమున ఒబామా తడబడెననిరి. పత్రికల లెక్కలలో అతని బలము హఠాత్తుగా పడిపోయెను. 2016లో ప్రకటింపబడిన ఎక్స్‌బాక్స్ పరిశోధన తెల్పినదేమనగా, ఆ పతనములో చాల భాగము అభిప్రాయముల మార్పు కాదు. తమవాడు తడబడిన వారమున ఒబామా పక్షమువారికి జవాబు చెప్పు ఉత్సాహము తగ్గెను. మేకపిల్ల బరువు ఇంచుమించు అట్లే యున్నది, కాటాయే కదలినది. తమవాడు గెలిచిననాడు ఉత్సాహముతో వచ్చి, ఓడిననాడు మౌనము వహించుట ఏ రాజకీయ సంఘముననైనను సహజమే. కనుక సంఘమున ఒకరి బలము పెరిగినదనగానే, మనస్సులు మారినవా, వచ్చినవారు మారిరా అని విచారింపవలెను.

తరగతిలో ఒక ప్రయోగము

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. విహారయాత్రకు రామప్ప, లేపాక్షి, నాగార్జునసాగరము అను మూడు స్థలములను “అభ్యర్థులు”గా నిలుపుడు. సోమవారమునాడు ప్రతి విద్యార్థియు తనకు మాత్రమే తెలిసిన ఒక గుర్తును, మొదటి ఇష్టమును, రెండవ ఇష్టమును చీటిపై వ్రాసి ఇయ్యవలెను. వారమంతయు ఒక్కొక్క స్థలము పక్షమున ఒక్కొక్కరు మాటలాడవలెను. శుక్రవారము అదే గుర్తుతో మరల చీటి వ్రాయవలెను. మూడు అడ్డ వరుసలు, మూడు నిలువు వరుసలు గల పట్టికలో ఎవరు ఎచ్చటినుండి ఎచ్చటికి పోయిరో నింపుడు. ఒక మూలనుండి ఎదుటి మూలకు పోవు గళ్ళలోనివారు మారనివారు. తక్కిన గళ్ళలోనివారు మారినవారు. పిమ్మట ఒక స్థలమును తొలగించి, రెండవ ఇష్టములను చేర్చి చూడుడు. గెలుపు తారుమారగుటయు కలదు. అదే ప్రశ్నను ఆటస్థలమున వచ్చినవారిని మాత్రమే చేతులెత్తుమని అడిగి, ఆ లెక్కను దీనితో పోల్చుడు.

ఇది లెక్కల వినోదము మాత్రమే కాదు. ప్రైమరీలో ఒకరి బలము తగ్గినదని వార్త వచ్చినంతనే విరాళములు ఆగును, సహాయకులు జారిపోవుదురు, అభ్యర్థి విరమించుకొనవచ్చును. కాటా తప్పైనను దాని ఫలితము నిజమై కూర్చుండును. కావున ఇకమీదట “బలము పెరిగినది” అను వార్త కంటబడినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనుడు: అడిగినది ఎవరిని? మరల అడిగినది వారినేనా? ఈసారి జవాబు చెప్పక ఊరకున్నవారెవరు? ఈ మూటికిని సమాధానము దొరకిన తరువాతనే ఆ సంఖ్యను నమ్మవలెను.