తెగేదాకా లాగొద్దు!

మగ్గం లాగే చెయ్యి, మూట మోసే భుజం, షటిల్ ఆడే మడమ.. నొప్పి ఒక్కొక్కరికి ఒక్కోచోట. మూలం మాత్రం చాలాసార్లు ఒక్కటే. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్ దెబ్బతినటం. దీని వెనక ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్’ పాత్ర ఎంత? తప్పించుకునేదెలా?

ఎమ్మిగనూరులో మగ్గం మీద కూర్చున్న నేతన్నను కాసేపు గమనించండి. ఒక చెయ్యి తాడు లాగి నాడెను అటూ ఇటూ పరుగెత్తిస్తుంది. ఇంకో చెయ్యి పేక నూలును కొట్టి బిగిస్తుంది. గుంతలో కాళ్లు తొక్కుతూనే ఉంటాయి. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరిది. అప్పటికీ ఇప్పటికీ మగ్గం మీద ఆ కదలిక మారలేదు. ఇటు ఆదోని మార్కెట్ యార్డులో పత్తి సీజనంతా హమాలీల భుజాలకు తీరిక ఉండదు. సాయంత్రానికి భుజం సలుపుతుంది. మందుల షాపులో ఒక నొప్పి బిళ్ల కొనుక్కుని, తెల్లారి మళ్లీ పనికి.

ఇవి కాయకష్టం చేసేవారి నొప్పులే అనుకోవద్దు. వారమంతా కుర్చీలో కూర్చుని ఆదివారం మాత్రం గంటన్నర షటిల్ ఆడే ఉద్యోగి, రోజూ జొన్నరొట్టెలు తట్టే ఇల్లాలు, చెయ్యి పైకెత్తి బోర్డు మీద రాసే టీచరు.. వీరికీ ఇదే సమస్య రావొచ్చు.

లోపల ఏం జరుగుతుంది?

టెండన్ ఒక తాడు లాంటిది. సన్నని కొలాజన్ పోగులు కట్టలు కట్టలుగా పేనుకుని ఉంటాయి. చాలా గట్టిది. కానీ రక్త ప్రసారం తక్కువ. కండరంతో పోలిస్తే ఇది వాడుకునే ఆక్సిజన్ సుమారు ఏడో వంతే. అందుకే కండరం పట్టేస్తే నాలుగు రోజుల్లో సర్దుకుంటుంది గానీ, టెండన్ మానటానికి నెలలు పడుతుంది.

మన కణాలు ఆక్సిజన్‌తో శక్తిని తయారుచేసుకునేటప్పుడు ఫ్రీ రాడికల్స్ పుడతాయి. పొయ్యి మండితే నిప్పురవ్వలు లేచినట్టు. ఇవి కొద్దిగా ఉంటే మంచిదే. ‘ఇక్కడ మరమ్మతు అవసరం’ అని కణాలకు కబురు చేరవేస్తాయి. వీటిని అదుపులో పెట్టటానికి శరీరంలో యాంటీఆక్సిడెంట్ల వ్యవస్థ ఉంది. రవ్వలు మితిమీరి, అదుపు చేసే శక్తి చాలకపోతే అదే ఆక్సిడేటివ్ స్ట్రెస్. అప్పుడు టెండన్ కణాలు చనిపోతాయి. కొలాజన్‌ను కరిగించే ఎంజైములు ఎక్కువవుతాయి. కొత్తగా వచ్చే పోగులు వరుస తప్పి, బలహీనంగా తయారవుతాయి.

ఒకే కదలిక వేలసార్లు చేయటం, మధ్యలో విశ్రాంతి లేకపోవటం దీనికి దారితీస్తాయి. బరువు పని తర్వాత మొదటి ఒకటి, ఒకటిన్నర రోజు టెండన్‌లో కొలాజన్ తయారీ కన్నా కరుగుదలే ఎక్కువ. ఆ తర్వాతే లాభం మొదలవుతుంది. ఈ వ్యవధి ఇవ్వకుండా మళ్లీ మళ్లీ లాగితే మరమ్మతు వెనకబడిపోతుంది.

ఎవరికి ముప్పు ఎక్కువ?

* మధుమేహం ఉన్నవారికి: రక్తంలో మిగిలిపోయిన గ్లూకోజు కొలాజన్ పోగులకు అతుక్కుని వాటిని బిరుసెక్కిస్తుంది. ఆక్సిడేటివ్ స్ట్రెస్‌నూ పెంచుతుంది. భుజం నొప్పి తగ్గటం లేదని వచ్చినవారిలో షుగర్ బయటపడటం అరుదేమీ కాదు.

* పొగ తాగేవారికి: సిగరెట్, బీడీ పొగలోనే ఫ్రీ రాడికల్స్ ఉంటాయి. పైగా నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది. అసలే తక్కువగా ఉన్న రక్త ప్రసారం ఇంకా తగ్గుతుంది.

* నలభై దాటినవారికి, బరువు ఎక్కువగా ఉన్నవారికి, కొలెస్ట్రాల్ ఎక్కువగా ఉన్నవారికి కూడా ముప్పు ఎక్కువే.

ఆ యాంటీబయాటిక్‌తో జాగ్రత్త

విరేచనాలకో, మూత్రంలో మంటకో చాలామంది చీటీ లేకుండానే సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్ వంటి మందులు కొనుక్కుంటారు. ఈ కోవ మందులు టెండన్ కణాల్లో ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను పెంచుతాయని ప్రయోగశాల పరిశోధనలు చెబుతున్నాయి. కొందరిలో మడమ వెనకాల ఉండే అకిలిస్ టెండన్ తెగిపోయే ప్రమాదమూ ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే వీటి మీద అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించాలని ఆదేశించింది. అరవై దాటినవారిలో, స్టిరాయిడ్ మాత్రలు వాడేవారిలో ముప్పు మరీ ఎక్కువ. ఇవి అవసరమైన జబ్బులు ఉన్నాయి. డాక్టర్ రాస్తే భయపడి మానేయకండి. వాడుతుండగా మడమ వెనకో, భుజంలోనో నొప్పి మొదలైతే మాత్రం ఆ భాగం మీద భారం పెట్టకుండా, తర్వాతి మాత్ర వేసుకునే ముందే డాక్టర్‌కు చెప్పండి.

సూదితో తగ్గింది కదా!

‘ఒక్క ఇంజెక్షన్‌తో నొప్పి పోయింది’ అనే మాట తరచూ వింటాం. నిజమే, స్టిరాయిడ్ ఇంజెక్షన్‌తో కొన్ని వారాల పాటు హాయిగా ఉంటుంది. కానీ మోచేతి టెండన్ నొప్పి విషయంలో, ఆర్నెల్లు, ఏడాది తర్వాత చూస్తే ఇంజెక్షన్ తీసుకున్నవారి పరిస్థితే తీసుకోనివారి కన్నా అధ్వానంగా ఉందని 2010లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ తేల్చింది. నొప్పి తెలియకపోతే పాడైన టెండన్ మీదే మళ్లీ బరువు పెడతాం. అసలు చిక్కు అక్కడే. కాబట్టి ఇంజెక్షన్ అవసరమా, కాదా అన్నది ఎముకల వైద్యులే నిర్ణయించాలి. ఊళ్లో ఎవరో వేస్తున్నారని పదే పదే వేయించుకోవద్దు.

అసలు మందు.. వ్యాయామమే

టెండన్‌కు పూర్తి విశ్రాంతీ మంచిది కాదు. కొలతతో కూడిన భారం కావాలి. మడమ నొప్పికి 1998లో స్వీడన్ వైద్యులు చూపిన పద్ధతి ఇప్పటికీ వాడుకలో ఉంది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, నొప్పి ఉన్న కాలి మడమను మెల్లగా కిందికి దించాలి. ఇలా 15 సార్లు చొప్పున 3 విడతలు, రోజుకు రెండు పూటలా, 12 వారాల పాటు. భుజానికి, మణికట్టుకు వేరే వ్యాయామాలున్నాయి. ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకుని చేయటం మేలు. టెండన్ తెగిందన్న అనుమానం ఉంటే మాత్రం ఇవేవీ చేయకూడదు.

పనిలోనూ మార్పులు కావాలి. అరగంటకోసారి రెండు నిమిషాలు చెయ్యి దించి ఆపండి. మూట ఒకే భుజానికి కాకుండా మార్చి మార్చి మోయండి. ఆట అయితే వారానికి ఒకేరోజు గంటన్నర ఆడే బదులు మూడు రోజులు అరగంట చొప్పున ఆడండి.

పళ్లెంలో ఏముండాలి?

కొలాజన్ తయారీకి విటమిన్-సి తప్పనిసరి. ఉసిరి, జామ, నిమ్మ, మునగాకు మన దగ్గర కొదవలేదు. జొన్న, కొర్ర, పప్పులు, వేరుశనగ, గుడ్డు, ఆకుకూరలు కలిస్తే ప్రొటీన్, యాంటీఆక్సిడెంట్లు రెండూ అందుతాయి. కర్నూలు ఉల్లిలోనూ యాంటీఆక్సిడెంట్ గుణాలున్నాయి. అలాగని ఖరీదైన విటమిన్ మాత్రలు దండిగా మింగితే మేలు రెట్టింపు కాదు. విటమిన్-సి, విటమిన్-ఇ మాత్రలు పెద్ద మోతాదులో వేసుకున్నవారిలో వ్యాయామం వల్ల రావాల్సిన కొన్ని ప్రయోజనాలు తగ్గాయని 2009 నాటి జర్మనీ అధ్యయనంలో కనిపించింది. కొద్దిపాటి రవ్వలు కూడా అవసరమేనని చెప్పుకున్నాం కదా!

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

* మడమ వెనక ‘ఫట్’మని శబ్దం వచ్చి, మునివేళ్ల మీద నిలబడలేకపోతే
* ఉన్నట్టుండి చెయ్యి పైకి లేవకపోతే
* వాపు, ఎర్రదనం, జ్వరం కలిసి వస్తే
* రాత్రిపూట నిద్ర చెడగొట్టే నొప్పి రెండు మూడు వారాలైనా తగ్గకపోతే

మొదటి మూడింటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. నాలుగోదైతే ఇక వాయిదా వేయకుండా ఎముకల వైద్యులకు చూపించుకోవాలి. నేతన్నకైనా, హమాలీకైనా ఆ భుజమే ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతుంది. మీ ఇంట్లో మూటలు దించే మనిషి, పక్కింటి నేతన్న, మీ నాన్నగారు ‘ఏముందిలే, వాడుకలో అదే పోతుంది’ అంటే ఊరుకోకండి. తెగిన టెండన్‌ను కుట్టటం కన్నా అలిసిన టెండన్‌కు ఊపిరి తీసుకునే సమయం ఇవ్వటం చాలా తేలిక.