రెండో కచేరీ

వీణ నేర్చుకున్నవాళ్ళకి మొదటి కచేరీ అంత సుఖమైనది మరొకటి లేదు. ముందు వరుసలో మేనమామలు, వెనక వరుసలో పక్కింటివాళ్ళు, మధ్యలో స్కూలు స్నేహితురాళ్ళు. అపస్వరం పలికినా తల ఊపుతారు. పిల్ల కొత్త పట్టుచీర కట్టుకుని గంటన్నరసేపు బెదరకుండా కూర్చున్నదంటే అదే పదివేలు. అసలు పరీక్ష రెండో కచేరీ. అప్పటికి చుట్టాలు "విన్నాంగా" అని ఇళ్ళల్లో వుండిపోతారు. వచ్చేవాళ్ళు "పోయినసారి బాగా వాయించిందట, చూద్దాం" అనుకుంటూ చేతులు కట్టుకుని కూర్చుంటారు.

నా రెండో కచేరీ సంగతి తరువాత చెబుతాను. ముందు, డెబ్భై దాటిన ఈ వయస్సులో నేను ఇంగ్లండువాళ్ళ హెవీ మెటల్ సంగీతం ఎందుకు వినవలసివచ్చిందో చెప్పాలి. లేకపోతే ఈవిడకి మతి పోయిందనుకోగలరు.

2025 జూలై 23వ తేదీ పొద్దున్న మా అమ్మాయి కొడుకు కాఫీ ముట్టకుండా వరండాలో కూర్చున్నాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. పరీక్ష ఏదైనా తప్పాడేమోనని నా భయం.

"ఏమిట్రా, అలా వున్నావేం?" అన్నాను.

"ఆజీ పోయాడమ్మమ్మా."

"అయ్యో! మీ క్లాసు కుర్రాడా?"

వాడు అంత దిగులులోనూ నవ్వాడు. పోయినవాడు క్లాసు కుర్రాడు కాదు, నాకంటే పెద్దవాడే. ఆజీ ఆస్‌బోర్న్ అని, బ్లాక్ సబ్బాత్ అనే బృందంలో గాయకుడు. వయస్సు 76. ఇక్కడ మా వరండాలో కాఫీ చల్లారిపోవటానికి అదీ కారణం.

వాణ్ణి ఊరడించటానికని, "సరే, వాళ్ళ పాటలు పెట్టు, నేనూ వింటాను" అన్నాను. ఒక ఆల్బం మొదటినుంచి చివరిదాకా లేవకుండా వింటానని మాట ఇచ్చాను. వాడు చాలాసేపు ఆలోచించి రెండో ఆల్బం పెట్టాడు. పేరు 'పారనాయిడ్'. అంటే అందరూ తనమీద కుట్ర పన్నుతున్నారనే అనుమానంతో అల్లాడే మనిషి అని చెప్పుకోవచ్చు.

"మొదటిది ఎందుకు పెట్టలేదురా?"

"మొదటిదీ గొప్పదే అమ్మమ్మా. వాళ్ళని నిలబెట్టింది మాత్రం ఇది."

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది.

నిజం చెప్పొద్దూ, మొదటిసారి విన్నప్పుడు పెళ్ళి ఊరేగింపు కంసాలివీధిలోంచి వెడుతున్నట్టు అనిపించింది. బాజాలూ, సమ్మెటలూ ఏకమైన చప్పుడు! నలభై రెండు నిమిషాలు, ఎనిమిది పాటలు. లేవనని మాట ఇచ్చాను గనుక లేవలేదు. అయితే ఆ గిటారు వాయించే ఆయన వేళ్ళ కథ మనవడు చెప్పాక రెండోసారి నేనే అడిగి పెట్టించుకున్నాను.

ఆయన పేరు టోనీ అయోమీ. ఊరు బర్మింగ్‌హామ్. ఇంగ్లండులో ఇనుమూ ఇత్తడీ కార్ఖానాలకి పేరుపడ్డ ఊరు. పదిహేడేళ్ళ వయస్సులో రేకుల కార్ఖానాలో పని చేస్తుండేవాడు. ఒక బృందంతో జర్మనీ వెళ్ళి వాయించే అవకాశం వచ్చింది. ఉద్యోగం మానెయ్యటానికి నిశ్చయించుకున్నాడు. ఆఖరిరోజు మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చి ఇక వెళ్ళనన్నాడు. తల్లి ఒప్పుకోలేదు. పూటపని సగంలో వదలకూడదని పంపింది. ఏ తల్లి అయినా అదే చెబుతుంది, నేనూ అదే చెబుతాను. వెళ్ళాడు. ఆవేళ ఒక పనిమనిషి రాలేదు. ఆ చోట, తనకి అలవాటులేని ప్రెస్సు మిషను దగ్గర నిలబెట్టారు. మిషను దిగింది. కుడిచేతి నడిమివేలు, ఉంగరపువేలు చివళ్ళు పోయాయి.

ఆయనది ఎడమచేతివాటం. అంచేత గిటారు మెట్లమీద తీగ నొక్కేది కుడిచెయ్యే! వైద్యులు ఇక వాయించలేవన్నారు.

వీణ వాయించేవాళ్ళకి ఈ మాట విన్నప్పుడు ఒళ్ళు ఝల్లుమంటుంది. మాకు ఎడమచేతి వేళ్ళ కొనలే సర్వస్వం. నేర్చుకునే రోజుల్లో తీగ ఒరుసుకుని వేలిమీద గాడి పడుతుంది, చర్మం చిట్లుతుంది, అన్నం కలుపుకోవటం కుడిచేత్తో గనుక సరిపోతుంది గాని లేకపోతే ఆ మంటకి ముద్ద దిగదు. క్రమంగా అక్కడ కాయ కాస్తుంది. ఆ కాయలోంచే తీగ ఎంత లాగితే గమకం ఎంత పలుకుతుందో తెలుస్తుంది. ఆ కొనే లేకపోతే?

కార్ఖానా మేనేజరు ఒకాయన ఇంటికి వచ్చి ఒక రికార్డు వినిపించాడట. వాయించినది జాంగో రైన్‌హార్ట్. 1928లో తాను నివసించే బండికి నిప్పంటుకుని ఎడమచేతి రెండు వేళ్ళు పనికిరాకుండా పోయినా, మిగిలిన వేళ్ళతోనే ప్రపంచప్రఖ్యాతి గాంచినవాడు. అది విన్నాక అయోమీ ప్లాస్టిక్ సీసా ఒకటి కరిగించి, తన వేలికొనలకి సరిపోయే తొడుగులు చేసుకున్నాడు. వాటిమీద పాత తోలుకోటు ముక్కలు అంటించాడు. దళసరి తీగలు నొక్కితే నొప్పి. గిటారుకి పలచటి తీగలు ఆ రోజుల్లో దొరక్క బాంజో తీగలు తెచ్చి బిగించాడు. తొడుగు వేసుకున్న వేలికి తీగ స్పర్శ తెలియదు. చెవే వేలు కావాలి.

అన్ని స్వరాలూ పరచి వాయించటం కష్టం గనుక, రెండేసి స్వరాలు జంటగా పట్టుకుని బలంగా మీటటం ఆయనకి ఊతమయింది. ఆ జంట ఏమిటో తెలుసునా? షడ్జమం, పంచమం! మన వీణకి పక్కన తాళం కోసం బిగించే మూడు తీగలూ స, ప, పైస. అవి ఒక్కసారి మీటి చూడండి. దాన్నే విద్యుచ్ఛక్తితో పదింతలు చేస్తే వాళ్ళ హెవీ మెటల్‌కి పునాదిరాయి అవుతుంది. నేను ఈ మాట అనగానే మావాడు కుర్చీలోంచి లేచిపోయాడు!

మరొక తమాషా. వీళ్ళ మొదటి ఆల్బంలో మొదటి పాటకి ప్రాణం షడ్జమం నుంచి ప్రతిమధ్యమానికి వేసే గంతు. పాశ్చాత్యులు ఆ స్వరాంతరానికి ఒకనాడు సైతాను పేరు పెట్టారు. మనం అదే ప్రతిమధ్యమం పెట్టుకుని 36 మేళకర్తలు కట్టి, కల్యాణి పాడుకుంటూ పెళ్ళిళ్ళు చేసుకుంటున్నాం!

ఆ మొదటి ఆల్బం సంగతి కొంచెం చెప్పాలి. నలుగురూ బర్మింగ్‌హామ్ పేదపేటల కుర్రాళ్ళే. యుద్ధం ముగిసిన మూడు నాలుగేళ్ళకి, బాంబులు పడి ఇళ్ళు కూలిన వీధుల్లో పుట్టారు. ఆజీ కసాయికొట్టంలో పని చేశాడు, దొంగతనం చేసి కొన్ని వారాలు జైల్లో కూడా వున్నాడు. పాటలు రాసే గీజర్ బట్లర్ ఒక కార్ఖానాలో లెక్కల గుమాస్తా పని నేర్చుకుంటూ వుండేవాడు. డ్రమ్ములు బిల్ వార్డ్. 1969 అక్టోబరు 16న స్టూడియోకి వెళ్ళి, ఎప్పుడూ వాయించే పాటలు వాయించేసి, ఒక్కరోజులో ముగించుకుని వచ్చేశారు. 1970 ఫిబ్రవరి 13, శుక్రవారంనాడు అది విడుదలయింది. పత్రికలవాళ్ళు చీల్చి చెండాడారు. జనం మాత్రం కొని, ఇంగ్లండు పట్టికలో 8వ స్థానానికి ఎక్కించారు.

అదీ మొదటి కచేరీ. పోగొట్టుకునేదేమీ లేదు, ఎదురుచూసేవాళ్ళూ లేరు.

ఇప్పుడు నా రెండో కచేరీ. మా ఊరి సభవారు మొదటిసారి మెచ్చుకుని, మరుసటి ఏడు మళ్ళీ పిలిచారు. నెలరోజులు నిద్రపోలేదు. పోయినసారి మెప్పించినదాన్ని వదిలితే ఏమవుతుందోనన్న భయంతో అదే వర్ణం, అదే కృతులు, అదే వరుస, ఆఖరికి అదే చీర! తప్పు ఒక్కటీ పోలేదు. అందరూ "బాగుందమ్మా" అన్నారు. మా గురువుగారు కండువా దులుపుకుంటూ, "నీ మొదటి కచేరీ మళ్ళీ విన్నామమ్మాయీ" అన్నారు. అందులో కోపం లేదు. అదే బాధ. మూడో కచేరీకి ఎవరూ పిలవలేదు. నేనూ అడగలేదు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, వీణకి ముసుగు పడింది.

అంచేత ఆ నలుగురూ రెండోసారి ఏం చేశారో తెలుసుకోవాలని నాకు అంత పట్టుదల.

మొదటి ఆల్బం వచ్చిన నాలుగు నెలలకే, 1970 జూన్‌లో, కంపెనీ వాళ్ళని మళ్ళీ లండన్ స్టూడియోలో కూర్చోబెట్టింది. నిర్మాత అదే రాడ్జర్ బెయిన్. కొత్త పాటలకి వ్యవధి ఎక్కడిది? వాళ్ళ అదృష్టం ఏమిటంటే, పేరు రాకముందు స్విట్జర్లండులో జ్యూరిచ్ నగరపు క్లబ్బులో రోజూ గంటలకొద్దీ, వంతులవారీగా వాయించవలసివచ్చింది. వినేవాళ్ళు బహుకొద్దిమంది. వున్న పాటలు అయిపోయేవి. ఏం చేస్తారు? వేదికమీదే కల్పన చేస్తూ పొడిగించేవారు. ఎవరూ విననప్పుడు చేసిన ఆ సాధనలోంచే రెండో ఆల్బం మొదటి పాట పుట్టింది. పేరు 'వార్ పిగ్స్', అంటే యుద్ధపు పందులు. వియత్నాం యుద్ధం మండిపోతున్న రోజులు. యుద్ధానికి ఉత్తరువులిచ్చేవాళ్ళు ఇంట్లో వుంటారు, వెళ్ళి చచ్చేవాళ్ళు బీదవాళ్ళ బిడ్డలు. ఎనిమిది నిమిషాలపాటు దీన్నే దులిపేశారు. మొదటి ఆల్బంలో దయ్యాలూ భూతాలూ వుంటే, ఇందులో మనుషులే దయ్యాలు!

యూరపులోని అమెరికన్ సైనికులు మత్తుమందుకి బానిసలై వుండటం చూసి కట్టినది 'హ్యాండ్ ఆఫ్ డూమ్'. అణుబాంబు మీద ఒకటి. 'ఐరన్ మాన్' కథ మన చందమామలో వెయ్యదగినది. ఒకడు భవిష్యత్కాలానికి వెళ్ళి లోకం నాశనం కావటం చూసి, చెబుదామని తిరిగివస్తూ దారిలో ఉక్కుమనిషి అయిపోతాడు. నోరు లేదు. జనం పట్టించుకోరు, వేళాకోళం చేస్తారు. చివరికి వాడే ఆ నాశనం తెచ్చిపెడతాడు.

మధ్యలో 'ప్లానెట్ కారవాన్' అని ఒకటున్నది. సమ్మెటల నడుమ హఠాత్తుగా వెన్నెల కాసినట్టుంటుంది. చేతివాటపు డ్రమ్ములు, సన్నగా పియానో, నీళ్ళలోంచి వినవచ్చినట్టు గొంతు. పేరు గట్టి చప్పుళ్ళకే వచ్చినవాళ్ళు ఇలాంటిది పెట్టటానికి ఎంత గుండె వుండాలి! నేనైతే మొదటిసారి మెచ్చుకున్న చప్పుడే తొమ్మిదిసార్లు వినిపించి వుందును. 'రాట్ సాలడ్' అనే దాంట్లో పాట లేదు. డ్రమ్ములాయనకి తని ఆవర్తనం వదిలారు. నా ఓటు మాత్రం 'ప్లానెట్ కారవాన్'కే. మావాడు ఒప్పుకోడు, వాడి ఓటు 'వార్ పిగ్స్'కి.

ఇక పేరు తెచ్చిన పాట. రికార్డు నిడివికి ఇంకా మూడు నిమిషాలు తక్కువయిందట. మిగతావాళ్ళు భోజనానికి వెళ్ళివచ్చేలోగా అయోమీ ఒక వరస కట్టాడు. అరగంట పట్టలేదు. బట్లర్ మాటలు రాశాడు. మనసు కుంగిపోయి, ఎందుకో తెలియక తల్లడిల్లేవాడి మాటలు. అదే 'పారనాయిడ్'. మూడు నిమిషాలైనా లేదు. పాట మొత్తంమీద ఆ పేరు ఒక్కసారీ వినిపించదు! అప్పడాలు తక్కువైతే వేయించిన వడియాలు విందులో మిగతావాటికంటే ముందు ఖర్చయిపోయినట్టు, విడిగా విడుదల చేసిన ఆ పాట 4వ స్థానానికి ఎక్కింది. ఆల్బంకి 'వార్ పిగ్స్' అని పేరు పెట్టాలనుకున్నవారు దాన్ని మార్చి ఈ పాట పేరే పెట్టారు. అట్ట మీద బొమ్మ మాత్రం అప్పటికే తయారయిపోయింది. కత్తీ డాలూ పట్టుకుని పొదల్లోంచి వురుకుతున్న మనిషి. అనుమానపు మనిషికీ కత్తికీ సంబంధమేమిటని ఇప్పటికీ అడుగుతూనే వున్నారు.

1970 సెప్టెంబరు 18న విడుదలయిన ఆల్బం అక్టోబరులో ఇంగ్లండు పట్టికలో మొదటి స్థానానికి చేరింది. మళ్ళీ వాళ్ళకి ఆ స్థానం దక్కింది 2013లో! అమెరికాలో 1971 జనవరిలో వచ్చి, 12వ స్థానందాకా వెళ్ళింది. నలభై లక్షల పైచిలుకు ప్రతులు ఆ దేశంలోనే పోయాయి.

ఈ సంగీతంలో నాకు అన్నీ నచ్చాయని అననుకోకండి. గాయకుడి శ్రుతి గొంతు చించుకున్నప్పుడల్లా నాకు భయం వేస్తుంది. అందరూ గిటారు వరసనే పాడటం కొంతసేపటికి విసుగు. కాని ఆ ఎనిమిదింటిలో ఒక్కటైనా మొదటి ఆల్బంలోదానికి నకలు కాదు. ఇది నేను రెండు ఆల్బములూ పక్కపక్కన పెట్టించుకుని విని చెబుతున్న మాట.

ఆజీ పోవటానికి పదిహేడు రోజుల ముందు, 2025 జూలై 5న, ఆ నలుగురూ తాము పెరిగిన పేటలోనే, విల్లా పార్కు మైదానంలో ఆఖరిసారి వాయించారు. ఆజీకి పార్కిన్సన్స్ జబ్బు. నిలబడలేడు. నల్లటి సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని పాడాడు. నలుగురూ కలిసి పాడినవి నాలుగే పాటలు. అందులో మూడు రెండో ఆల్బంలోవి. అన్నిటికంటే చివరిది, భోజనాలవేళ కట్టిన ఆ మూడు నిమిషాల పాట.

ఆ దృశ్యం మనవడు ఫోనులో చూపించాడు. మాట్లాడకుండా చూశాం. అయిపోయాక వాడు లోపలికి వెళ్ళి, వీణమీద ముసుగు తీసి, నా ముందు పెట్టి, "అమ్మమ్మా, ఆ ఐరన్ మాన్ వరస ఇందులో పలుకుతుందా?" అన్నాడు.

తీగలు తుప్పు పట్టి వున్నాయి. కొత్తవి కొనుక్కురమ్మని డబ్బిచ్చి పంపాను.