జావాస్క్రిప్ట్ ఫంక్షన్లలో విలువల తనిఖీ

గణితశాస్త్రంలో ప్రమేయమనేది మన విద్యార్థులకు కొత్త మాట కాదు. దాని ప్రదేశంలో ఏ మూలకాలు ఉండవలెనో ముందే నిర్ణయింపబడి ఉంటుంది. కంప్యూటరు భాషలలో ఫంక్షన్ అనబడేది కూడా ఇటువంటిదే. అయితే 1995లో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది దినములలో తొలిరూపమిచ్చిన జావాస్క్రిప్ట్ భాషకు ఈ కట్టుబాటు లేదు. సంఖ్య కోరిన చోట అక్షరాలు పంపినా, రెండు విలువలు కోరిన చోట ఒకటే పంపినా, ఫంక్షన్ కాదనదు.

ఇంటర్నల్ మార్కులను, పరీక్ష మార్కులను కూడి, మొత్తం 35కు తగ్గకున్న ఉత్తీర్ణుడని చెప్పే ఫంక్షన్ ఒకటి కలదనుకుందాము. వెబ్ ఫారంలోని గడిలో టైపు చేసిన అంకె సాధారణంగా సంఖ్యగా గాక స్ట్రింగ్‌గా, అనగా అక్షరాల వరుసగా, అందుతుంది. కూడిక గుర్తుకు ఇరువైపులా ఏ ఒక్కటి స్ట్రింగ్ అయినా అది అతికించే గుర్తుగా మారుతుంది. కనుక 4కు 5 కూడితే 9 గాక 45 వస్తుంది, తప్పవలసినవాడు ఉత్తీర్ణుడౌతాడు. మరొకనికి పరీక్షలో 60 వచ్చినవి, ఇంటర్నల్ మార్కులు పంపుట మరచినారు. మొత్తం 'నాన్', అనగా సంఖ్య కానిది, అవుతుంది. నాన్ 35కు సమానమూ కాదు, మించినదీ కాదు. పాపం, అతడు తప్పుతాడు! ఈ రెండు సందర్భాలలోనూ ప్రోగ్రాము ఆగదు, హెచ్చరికా రాదు.

కావున ఫంక్షన్ మొదటి వరుసలలోనే తనిఖీ వ్రాయవలెను. విలువ రకమును తెలిపే 'టైపాఫ్' కలదు గాని, దానిని పూర్తిగా నమ్మరాదు. శూన్యతను తెలిపే 'నల్'ను అది ఆబ్జెక్ట్ అంటుంది. ఇది తొలినాటి దోషమే. దిద్దినచో పాత ప్రోగ్రాములు చెడునని అట్లే ఉంచినారు. అర్రేను కూడా ఆబ్జెక్ట్ అనే అంటుంది. నాన్‌ను సంఖ్య అనడం మరీ విడ్డూరం. అర్రేలను గుర్తించుటకు 2009లో 'అర్రే.ఈజ్‌అర్రే', పరిమిత సంఖ్యలను గుర్తించుటకు 2015లో 'నంబర్.ఈజ్‌ఫైనైట్' ప్రమాణంలో చేరినవి. మన ఉదాహరణకు ఈ రెండవదే తగినది. పరీక్షకు నిలువని విలువ వచ్చినచో 'టైప్‌ఎర్రర్' విసరి, ఏ విలువ తప్పో అందులో పేర్కొనవలెను.

2012లో మైక్రోసాఫ్ట్ వెలువరించిన టైప్‌స్క్రిప్ట్ ఉండగా ఇదంతా ఎందుకని కొందరంటారు. అందులో వ్రాసిన రకాల ప్రకటనలు జావాస్క్రిప్ట్‌గా మారునపుడు తొలగిపోతాయి. నడిచే వేళ బయటినుండి వచ్చే విలువను అవి పరీక్షింపజాలవు. అట్లని ప్రతి చిన్న ఫంక్షన్‌లోనూ తనిఖీ పెట్టుట వృథాశ్రమ. ఫారం నుండి, ఫైలు నుండి, మరొక యంత్రం నుండి విలువలు లోనికి వచ్చే చోట పెట్టిన చాలును. ఇక 250 మార్కులు కూడా సంఖ్యయే కనుక, గరిష్ఠ కనిష్ఠముల తనిఖీ వేరుగా వ్రాసుకొనవలెను.