కాఫీ యంత్రమునకు ముందు కాఫీ మర

మన పల్లెలలోని పెద్దలు కొందఱికి ఇటీవల ఒక క్రొత్త చిక్కు వచ్చుచున్నది. పట్టణమునందో విదేశమునందో ఉద్యోగము చేయుచున్న కుమారుడు ఫోను చేసి, "నాన్నగారూ, ఇంటికి మంచి ఎస్ప్రెస్సో యంత్ర మొకటి పంపెదను, ఎట్టిది కావలయునో చెప్పండి" అని అడుగును. మేలైన యంత్రమును, దానికి తగిన మరయు కలిసి ఒక పాడిగేదె వెలకు తక్కువ గావు. గేదెను కొనునపుడు పొదుగును, పళ్ళను, నడకను చూచి కొందుము. ఈ యంత్రమును మాత్రము దాని తళతళ చూచి కొనుచున్నాము. అందుచేత ఏమి చూచి కొనవలెనో నేడు మనవి చేయుదును.

ఎస్ప్రెస్సో యనగా నేమి? మెత్తగా విసరి, గిన్నెలో అదిమిన కాఫీ పొడిగుండ వేడినీటిని గొప్ప ఒత్తిడితో పంపి, అర నిమిషములో దింపిన చిక్కని డికాక్షను. ఇది ఇటలీ దేశమున బుట్టినది. 1884లో టురిను నగరవాసి ఆంజెలో మొరియొండో ఆవిరితో కాఫీ దింపు యంత్రమునకు పేటెంటు పొందెను. 1901లో మిలాను నగరమున లుయీజీ బెజ్జెరా దానిని కప్పు కప్పునకు వేఱుగా దింపునట్లు మార్చెను. ఆ కాలపు యంత్రములలో ఆవిరి ఒత్తిడియే ఆధారము. కనుక కాఫీకి మాడు రుచి తగులుచుండెను. ఆకిల్లె గజ్జియా 1948లో అమ్మకమునకు తెచ్చిన మీట యంత్రములో స్ప్రింగు బలముచే నీరు పొడిలోనికి నెట్టబడెను. కప్పుపై బంగారు వన్నె నురుగు నిలిచినది అప్పటినుండియే. 1961లో ఫయేమా సంస్థవారి ఈ-61 అను యంత్రము ఆ పనిని విద్యుత్తు పంపునకు అప్పగించెను. నేడు వాడుకలో నున్న ఒత్తిడి సుమారు తొమ్మిది బార్లు. అనగా మనచుట్టు నున్న గాలి ఒత్తిడికి తొమ్మిది రెట్లు. మన ఇంటి ప్రెషరు కుక్కరులో గుండు లేచునపుడు బయటి గాలికంటె అధికముగా నుండు ఒత్తిడి ఒక్క బారు మాత్రమే.

ఇక అసలు విషయమునకు వత్తును. అంత ఒత్తిడితో వచ్చు నీటిని నిలువరించునది యంత్రము కాదు, పొడియే. పొడి బరకయైనచో నీరు పదిక్షణములలో దుమికి, కాఫీ పలుచగా, పులుపుగా నుండును. మితిమీరి మెత్తనైనచో బొట్టుబొట్టుగా దిగి చేదెక్కును. పొడిలో నలుసులు కొన్ని పెద్దవి, కొన్ని చిన్నవియైనచో ఏమగునో వ్యవసాయదారులకు వేఱుగా చెప్ప నక్కఱలేదు. మడి గట్టులో ఒకచోట మట్టి గుల్లగా నున్నచో నీరంతయు ఆ గండినుండియే పోవును గదా! ఇచటను అంతే. నీరు గుల్లగా నున్న దారి వెదకికొని పోవగా, ఆ దారిలోని పొడి చేదంతయు దిగిపోవును. తక్కిన పొడి సారము దిగకయే మిగులును. ఇత్తడి ఫిల్టరులో నీరు మెల్లగా దిగును గనుక పొడిలోని లోపము కొంత కప్పబడును. ఎస్ప్రెస్సోలో అట్టి మన్నింపు లేదు. వేల రూపాయల యంత్రమైనను చెడ్డ పొడిని బాగుచేయ జాలదు.

కావున ముందుగా ఎంచవలసినది మర. మిక్సీలో కత్తి తిరుగును. గింజ దానికి తగిలినన్ని మారులు నలుగును, తగులనిది మిగిలిపోవును. రోటిలో దంచినట్లే అందును పిండియు నూకయు కలిసి యుండును. మేలైన కాఫీ మర తిరగలి వంటిది. తిరగలిలో రెండు రాళ్ళ నడుమ ఎడము ఎంతయో పిండి యంతే గదా. అట్లే ఈ మరలో పళ్ళుగల రెండు ఉక్కు చక్రములు ఉండును. ఒకటి నిలిచి యుండ రెండవది తిరుగును. వాని ఎడమును దాటిన నలుసే క్రిందికి దిగును. ఈ చక్రములు కొన్నిటిలో బిళ్ళలవలె చదునుగాను, కొన్నిటిలో గోపురపు ఆకారమునను ఉండును. రెండును మంచివే. ఆకారముకంటె ముఖ్యమైనది వాని అమరిక. పై రాయి ఒక ప్రక్కకు ఒరగిన తిరగలి ఎట్లు విసరునో, ఒరగిన చక్రముల మరయు అట్లే విసరును.

మరను చూడబోయినపుడు ఈ ప్రశ్నలు వేయుడు. చక్రముల ఎడమును వెండ్రుకవాసి చొప్పున మార్చ వీలగునా? మెట్టుమెట్టుగా మాత్రమే మారు మరలో, ఒక మెట్టున కాఫీ దుమికి, మఱుమెట్టున నిలిచిపోవు ప్రమాదము కలదు. వేసిన గింజలంత తూకము పొడి వెలికి వచ్చునా, లోపల నిలిచిపోవునా? నిలిచినది మఱునాటి కాఫీలో పాతవాసన తెచ్చును. మూత తీసి తుడుచుట సులభమా? అరిగిన చక్రములు దొరకునా? విద్యుత్తు మర వెల భారమైనచో మంచి చేతి మర కొనుడు. ఒకటి రెండు నిమిషముల శ్రమతో ఒక మోతాదు గింజలను చక్కగా విసరును; కరెంటు పోయినను దాని పని ఆగదు.

యంత్రము మాట తరువాత. కాఫీకి నీరు 90 నుండి 96 డిగ్రీల వేడిలో నుండవలెను. పాలు కాచు ఆవిరికి అంతకంటె మిక్కిలి వేడి కావలెను. ఒక్క బాయిలరు గల యంత్రములో ఒకటి ముగిసిన పిదప రెండవదానికి వేచియుండ వలయును. ఇద్దఱున్న ఇంటికి అది చాలును. పదిమంది వచ్చిపోవు ఇంట, పాలకాఫీయే ప్రధానమైనచోట, రెండు బాయిలర్లు గలది మేలు.

విదేశమునుండి తెప్పించువారు ఒక సంగతి మఱవరాదు. అమెరికా గృహములలోని విద్యుత్తు 120 వోల్టులు, మనది 230. అచటి యంత్రమును ఇచట తిన్నగా తగిలించినచో, కాగు తీగలో దాదాపు నాలుగింతల వేడి పుట్టి కాలిపోవును. పుత్రుని ప్రేమ ఒక్క క్షణములో పొగ యగును! కావున మన దేశపు వోల్టేజికి చేసినదే తీసికొనుడు. ఎర్తు తీగ సరిగా నున్న పెద్ద ప్లగ్గునకు తగిలింపుడు. రెండవది నీరు. బోరునీరు కాచిన గిన్నెలో తెల్లని పొర కట్టుట మీరెఱిగినదే. ఆ పొర బాయిలరులో కట్టినచో సన్నని గొట్టములు మూసికొనిపోవును. కావున ఉప్పు తక్కువగల నీటినే పోయవలెను.

గింజల విషయమున మనకు దూర మేగ పని లేదు. అరకు లోయలో గిరిజన రైతులు పండించు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించినది. వేయించిన తేదీ వ్రాసియున్న గింజలనే కొని, ఏ పూటకాపూట విసరుకొనుడు. చికోరి కలిసిన పొడి ఈ యంత్రమునకు తగదు. ఇక పరీక్ష ఇది: 18 గ్రాముల పొడి, అనగా పాత తూకమున సుమారు తులమున్నర, వేసి 36 గ్రాముల డికాక్షను 25 నుండి 30 క్షణములలో దింపవలెను. త్వరగా దిగినచో మరను బిగింపుడు, ఆలస్యమైనచో సడలింపుడు. తక్కినవేవియు మార్పకుడు.

కడపటి మాట. ముందు మరను మాత్రమే తెప్పించుకొనుడు. అప్పటికప్పుడు విసరిన పొడిని ఒక నెల దినములు మీ ఇత్తడి ఫిల్టరులోనే వేసి త్రాగి చూడుడు. ప్రతి ఉదయమును తూచి, విసరి, తుడుచు ఓపిక ఇంటిలో ఎవరికైన నున్నదని తేలినపుడు యంత్రమును గూర్చి ఆలోచింపవచ్చును. ఓపిక లేదని తేలినచో యంత్రపు సొమ్ము మిగులును. కాఫీ మాత్రము మునుపటికంటె మేలుగానే యుండును. కుమారుడు మఱల ఫోను చేసినపుడు, "నాయనా, ముందు మరను పంపుము" అని చెప్పుడు.