పురుగు నోరు కట్టేసే చేదు

సూరత్‌లో సలాబత్‌పురా చుట్టుపక్కల మరమగ్గాలనూ బట్టల మార్కెట్లనూ నమ్ముకుని తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడ్డ పద్మశాలి కుటుంబాలున్నాయి. తెలంగాణ ఇళ్లలో ఉగాది పచ్చడి గ్లాసులో పోసుకుని తాగేంత పలచగా కలుపుతారు. చింతపండు రసం, బెల్లం, మామిడి ముక్కలు, పైన తేలే వేపపువ్వు. ఆ చైత్రంలోనే గుజరాతీలు వేపపూత రసం పరగడుపున తాగుతారు. గుడిపడవా నాడు మరాఠీవాళ్లు వేపచిగురు నములుతారు. ముగ్గురి నోటికీ తగిలేది ఒకే చెట్టు చేదు. కాకపోతే ఆ చేదు ఏ ఒక్క పదార్థానిదో కాదు.

వేప చేదుకు ముఖ్య కారణం లిమనాయిడ్లు. నిమ్మగింజ పంటి కింద పడ్డప్పుడు, పిండిన నారింజ రసం నిలవుంటే వచ్చే చేదు కూడా ఈ కుటుంబానిదే. వేపలో ఇలాంటివి వందకు పైగా దొరికాయి. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనె నుంచి నింబిన్, నింబినిన్, నింబిడిన్‌లను వేరుచేశారు. పేరు మోసిన అజాడిరక్టిన్ మాత్రం ఆ తర్వాత బయటపడింది. అది పువ్వులో, ఆకులో కన్నా గింజలోని పప్పులోనే ఎక్కువ. అక్కడ కూడా సాధారణంగా ఒక శాతం లోపే.

దాని జాడ పట్టిచ్చింది మిడతలు. 1959లో సూడాన్ మీద మిడతల దండు పడి పచ్చని ఆకల్లా తినేసింది. వేపచెట్లు మాత్రం పచ్చగానే నిలిచాయి. మిడతలు వాలాయి, తినకుండా లేచిపోయాయి. జర్మన్ కీటక శాస్త్రవేత్త హైన్రిక్ ష్ముట్టరర్ ఇది కళ్లారా చూసి పరిశోధన మొదలుపెట్టారు. 1968లో ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయంలో బటర్‌వర్త్, మోర్గాన్ అజాడిరక్టిన్‌ను శుద్ధరూపంలో వేరుచేశారు. అందులో 35 కార్బన్, 44 హైడ్రోజన్, 16 ఆక్సిజన్ పరమాణువులు ఎంత చిక్కుగా అల్లుకుని ఉన్నాయంటే, నిర్మాణం సరిగ్గా తేలేసరికి 1985 వచ్చింది.

ఇది పురుగు మీద రెండు దారుల్లో పనిచేస్తుంది. మొదటిది నోటి దగ్గర. పురుగు నోటి భాగాల మీద రుచి పసిగట్టే కణాలుంటాయి. అజాడిరక్టిన్ తగలగానే 'వద్దు' అని చెప్పే కణాలు రేగుతాయి, తీపిని గుర్తించేవి మందగిస్తాయి. ఎడారి మిడతకైతే పది లక్షల వంతుల్లో ఒక వంతు కన్నా తక్కువ ఉన్నా చాలు, ఎదురుగా ఆకున్నా ముట్టదు. రెండో దారి కడుపులోకి వెళ్లాక. పురుగు పెరగాలంటే ఎప్పటికప్పుడు కుబుసం విడవాలి. ఆ వేళను నిర్ణయించేది ఎక్డైసోన్ అనే హార్మోను. అజాడిరక్టిన్ దాని విడుదలను దెబ్బతీస్తుంది. దాంతో లార్వా పాత చర్మంలోనే ఇరుక్కుపోతుంది, లేదా వంకర రెక్కలతో బయటికొస్తుంది. ఆడపురుగులైతే గుడ్లు సరిగా పెట్టలేవు.

అందుకే వేపమందు కొట్టిన మర్నాడు చేలోకి వెళ్తే పురుగులు బతికే కనిపిస్తాయి. 'మందు పనిచేయలేదు' అనుకునేది అక్కడే. చూడాల్సింది చచ్చిన పురుగులను కాదు, ఆకుల మీద కొత్తగా చిల్లులు పడుతున్నాయా లేదా అన్నది. అయిదు శాతం కషాయం ఇంట్లోనే చేసుకోవచ్చు. 5 కిలోల వేపపప్పు పొడిని 10 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టి, వడగట్టి, కాస్త సబ్బుపొడి కలిపి 100 లీటర్లు చేస్తారు. సాయంత్రం పూట పిచికారీ చేయాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు అజాడిరక్టిన్‌ను కొద్ది రోజుల్లోనే విరగ్గొట్టేస్తాయి. ఇది లోపమే, మళ్లీ కొట్టాల్సివస్తుంది. అదే సుగుణం కూడా, పంట మీద విషం పేరుకుపోదు.

ఎక్డైసోన్ మనిషి ఒంట్లో హార్మోను కాదు కాబట్టి ఆ రెండో దెబ్బ మనకు తగలదు. అలాగని వేపలో ఏదైనా ఎంతైనా తాగొచ్చని కాదు. పచ్చట్లో నాలుగు పూరేకులు వేరు, గానుగ వేపనూనె వేరు. పసిపిల్లలకు ఆ నూనె పట్టిస్తే వాంతులు, మగత, ఫిట్స్ వచ్చి మెదడు, కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను మలేషియా వైద్యులు 1981లో లాన్సెట్ పత్రికలో నమోదు చేశారు. గాజుపాత్రలో క్యాన్సర్ కణాల మీద వేప పదార్థాలు పనిచేశాయన్న వార్తలు చూసి మందులు మానేయడం అంతకన్నా ప్రమాదం.

వేప చేదుకు నేలలోనూ పనుంది. యూరియాలోని నత్రజనిని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాను వేపనూనెలోని పదార్థాలు నెమ్మదింపజేస్తాయి. పైరు తీసుకునేలోపే ఎరువు కొట్టుకుపోవడం తగ్గుతుంది. దేశంలో తయారయ్యే యూరియాకంతటికీ వేప పూత ఉండాలని 2015లో కేంద్రం నిర్ణయించింది. సూరత్‌కు ఉత్తరాన భరూచ్‌లో ఉన్న జీఎన్ఎఫ్‌సీ ఎరువుల సంస్థ ఆ నూనె కోసం గ్రామీణ మహిళలతో వేపపండ్లు ఏరించే పథకం చేపట్టింది.

అజాడిరక్టిన్‌ను ఫ్యాక్టరీలోనే చేసుకోవచ్చు కదా అనిపిస్తుంది. కేంబ్రిడ్జిలో స్టీవెన్ లే బృందం ప్రయత్నించింది. 22 ఏళ్లు పట్టింది. 70కి పైగా మెట్లు దాటి 2007లో దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. రసాయన శాస్త్రంలో అది గొప్ప విజయమే, వ్యాపారానికి మాత్రం పనికిరాదు. కాబట్టి ఇప్పటికీ ముడిసరుకు వేపచెట్టు కిందే ఉంది. పండు రాలగానే ఏరి, గుజ్జు కడిగి, నీడన ఆరబెట్టాలి. తడి తగిలి బూజు పట్టిందా, మందు సగం పోయినట్టే.