సంచిలో ఉడికే సబ్బు



"అక్కా, పొయ్యి ముందు నిలబడి సబ్బు కలిపీ కలిపీ చేతులు పడిపోతున్నాయి. వేరే దారేమైనా ఉందా?" అని మొన్న మా పక్కింటి అమ్మాయి అడిగింది. ఉంది. ఆ సంగతే ఈ రోజు చెప్తాను. అయితే ఇది వడియాలు పెట్టడం వంటి పని కాదు. కంటి అంచనాతో చేసే పని అసలే కాదు.

సబ్బు మాట వస్తే మన సీమలో ముందు నీళ్ల మాట రావాలి. నేను పెరిగింది కర్నూలులో. తుంగభద్ర నీళ్లలో సబ్బు ఇట్టే నురగ వచ్చేది. కాపురానికి కడప వచ్చి బోరు నీళ్లు వాడడం మొదలుపెట్టాక, ఎంత రుద్దినా బకెట్టు అంచున తెల్లటి తెట్టే మిగిలింది. నీళ్లలోని సున్నం సబ్బును పట్టేసుకుని అలా తెట్టు కడుతుంది. ఇటువంటి నీళ్లలో కాస్త బాగా నురగనిచ్చేది కొబ్బరి నూనె సబ్బు. మన శనక్కాయ నూనె ఒంటికి మెత్తదనం ఇస్తుంది గాని నురగ తక్కువ. కనుక రెండూ కలుపుకుందాం.

మా అవ్వ కాలంలో బట్టలకు చౌడు వాడేవారు. చౌడులో ఉన్నదీ క్షారమే. దానికంటే ఎంతో తీక్షణమైనది కాస్టిక్ సోడా. అది నూనెతో కలిసినప్పుడు సబ్బు, గ్లిజరిను తయారవుతాయి. వేడి తగిలితే ఆ పని ఒకటి రెండు గంటల్లో ముగుస్తుంది.

కొలతలు చెప్తాను, రాసుకోండి. కొబ్బరి నూనె 300 గ్రాములు, శనక్కాయ నూనె 150, ఆముదం 50, కాస్టిక్ సోడా 77, నీళ్లు 170. అన్నీ త్రాసులో తూయవలసిందే. 100 గ్రాముల కొబ్బరి నూనెకు సుమారు 18 గ్రాముల సోడా పడుతుంది, శనక్కాయ నూనెకు పదమూడున్నర చాలు. నూనె మార్చి సోడా మార్చకపోతే, మిగిలిన సోడా ఒంటిని కాలుస్తుంది.

చేతులకు రబ్బరు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. పిల్లల్ని దూరంగా పంపండి. గాలి ఆడే చోట, స్టీలు గిన్నెలో చల్లటి నీళ్లు పోసి, సోడాను కొంచెం కొంచెంగా నీళ్లలో వేయండి. సోడా మీద నీళ్లు ఎన్నడూ పోయకండి, చిమ్ముతుంది. సిల్వరు గిన్నె అంటామే, ఆ అల్యూమినియం గిన్నె వద్దు. తెలియక నేను మొదటిసారి అందులోనే కలిపాను. బుసబుస పొంగి, గిన్నె నల్లబడి, నా గుండె ఆగినంత పనైంది. అప్పుడు పుట్టేది హైడ్రోజన్ వాయువట, నిప్పు తగిలితే భగ్గుమంటుంది!

సోడా నీళ్లు చల్లారాక గోరువెచ్చని నూనెల్లో పోసి, గరిటె జాడ నిలిచేదాకా కలపండి. దాన్ని ఉడుకు నీళ్లను తట్టుకునే మందపాటి జిప్పు సంచిలో సగానికే పోసి, గాలి పిండేసి మూయండి. దానిపై మరో సంచి తొడగండి. కూరగాయల పల్చటి కవరు పనికిరాదు. పెద్ద స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, అడుగున మడత గుడ్డ వేసి, మూతి నీళ్లపైకి ఉండేలా సంచిని దించండి. నీళ్లు ఆవిరి కక్కాలి గాని తెర్లకూడదు. మధ్యలో రెండు మూడుసార్లు మందపాటి గుడ్డతో పట్టుకుని మెల్లగా పిసకండి. సంచి ఉబ్బినా, కారినా పొయ్యి ఆపేసి చల్లారనివ్వండి.

గంట, గంటన్నరకు లోపలి ముద్ద అంతా మైనంలా నిగనిగలాడుతుంది. మూత ఉన్నందున నీళ్లు ఆవిరైపోవు, సబ్బు పొడిపొడిగా కాదు. ఇదే సంచిలోని సుఖం. కొంచెం ఆరాక మూల కత్తిరించి అచ్చులోకి పిండండి. మర్నాడు ముక్కలు కోసి రెండు వారాలు నీడన ఆరబెట్టండి. ముక్క మీద ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే ముదురు గులాబీ రంగు వచ్చిందా, సోడా మిగిలినట్టే. ఆ సబ్బు వాడకండి. నాలుకతో మాత్రం పరీక్షించకండి.

సోడా ఒంటిమీద పడితే నిమ్మకాయ రుద్దకండి. కనీసం ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోయండి. కంట్లో పడితే అలాగే కడుగుతూ ఆసుపత్రికి పరుగెత్తండి. పొరపాటున మింగితే వాంతి చేయించకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. మిగిలిన సోడాను ఉప్పు డబ్బా పక్కన పెట్టకండి. పేరు రాసి తాళం వేయండి.

సబ్బు బజారులో ఎప్పుడైనా దొరుకుతుంది, కళ్లు దొరకవు కదా! తొందరలేని రోజున, తూకం సరిచూసుకుని, నిదానంగా చేయండి. సెలవు.