ప్రజోద్యానములు - పొదుపు పేరిట నష్టము

ధనికునికి తన ఇంటి పెరడు ఉన్నది. పేదవానికి ప్రజోద్యానమే పెరడు. కనుక ఉద్యానవనం నగరానికి అలంకారం మాత్రమే కాదు, అవసరం కూడా. అయినను ప్రభుత్వాలకు ధనం కొరవడినప్పుడు మొదట కోత పడేది ఈ పద్దు మీదనే. ఆ కోత వలన కలిగే ఫలితాన్ని గ్రహించుటకు ఇంగ్లండు దేశపు అనుభవం చక్కని నిదర్శనం.

పారిశ్రామిక విప్లవం తరువాత ఆ దేశపు పట్టణాలు పొగతోను, ఇరుకు వాడలతోను నిండిపోయినవి. కార్మికులకు ఆరుబయలు కరువైనదని 1833లో పార్లమెంటు సంఘమొకటి నివేదించింది. 1840లో జోసెఫ్ స్ట్రట్ అనే మిల్లు యజమాని డర్బీ పట్టణానికి ఒక వృక్షవాటికను దానమిచ్చాడు. 1847లో బర్కెన్‌హెడ్‌లో ప్రజాధనంతో నిర్మించిన ఉద్యానం ప్రారంభమైనది. 1850లో దానిని దర్శించిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ తరువాత న్యూయార్కు సెంట్రల్ పార్కు రూపశిల్పులలో ఒకడైనాడు.

ఇంతటి చరిత్ర ఉన్నను, అక్కడ ఉద్యానాల పోషణ స్థానిక సంస్థలకు చట్టరీత్యా తప్పనిసరి విధి కాదు. వృద్ధుల, బాలల సంరక్షణ వంటివి తప్పనిసరి. 2010 తరువాత ప్రభుత్వ గ్రాంట్లు తగ్గగా, తప్పనిసరి కాని పద్దులే ముందుగా క్షీణించినవి. ఆనాటి నుండి తమ నిర్వహణ నిధులు తగ్గినవని 86 శాతం ఉద్యాన నిర్వాహకులు చెప్పినట్లు 2014 నాటి హెరిటేజ్ లాటరీ ఫండ్ నివేదిక తెలిపింది. ఉద్యానాలను విక్రయించుటనో, ఇతరులకు అప్పగించుటనో 45 శాతం స్థానిక సంస్థలు ఆలోచిస్తున్నట్లు కూడ అందులో ఉన్నది.

ఉద్యానం ఒక్కనాడు మరణించదు. మొదట తోటమాలిని తొలగిస్తారు. గడ్డి పెరుగుతుంది, మరుగుదొడ్డికి తాళం పడుతుంది, దీపాలు ఆరిపోతాయి. స్త్రీలు, వృద్ధులు, పిల్లలు రావడం మానుతారు. అప్పుడు "ఎవరూ రాని స్థలమునకు ఖర్చెందుకు?" అన్న ప్రశ్న పుడుతుంది. కోత వలన కలిగిన దుస్థితియే మరొక కోతకు కారణమగుచున్నది!

ఆసుపత్రులకే డబ్బు చాలనప్పుడు పూలమొక్కలకు ఎక్కడిదని కొందరు అడుగుతారు. ఇది త్రోసివేయదగిన ప్రశ్న కాదు. కాని నడకకు, ఆటకు చోటు లేని జనం చివరకు చేరేది ఆ ఆసుపత్రికే గదా! పైగా 1970, 80 దశకాలలో నిర్లక్ష్యానికి గురియైన ఆంగ్ల ఉద్యానాలను పునరుద్ధరించుటకు 1996 నుండి లాటరీ నిధులను కోట్ల పౌండ్లలో వెచ్చించవలసి వచ్చింది. నాడు మిగిలినదనుకొన్నది పొదుపు కాదు, వాయిదా పడిన అప్పు.

ఉద్యాన పోషణను చట్టబద్ధమైన విధిగా చేయవలెనని అక్కడ 3 లక్షలకు పైగా ప్రజలు సంతకాలు చేశారు. 2017లో పార్లమెంటు సంఘం ప్రమాదాన్ని గుర్తించినది కాని, ఆ కోరికను మాత్రం అంగీకరించలేదు.

మన దేశంలో 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ ఉద్యానాలను, క్రీడాస్థలాలను పురపాలక సంఘాలకు అప్పగించదగిన విషయాలలో చేర్చింది. బెంగుళూరులో ఉద్యానానికి కేటాయించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి ఇవ్వరాదని 1991లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. న్యాయస్థానం నేలను కాపాడగలదు. ఆ నేలకు నీరు పోయవలసినది మాత్రం బడ్జెట్టే.

హైదరాబాదు నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్సుకు పూర్వులు పెట్టిన పేరు బాగ్-ఎ-ఆమ్, అనగా సామాన్యుల తోట. ఆ 'ఆమ్' అన్న మాటలోనే మన హక్కు ఇమిడి ఉన్నది. విద్యార్థులు తమ పట్టణ పురపాలక సంఘపు బడ్జెట్టును చదివి, ఉద్యానాల పద్దు నిరుటి కంటె పెరిగినదో తరిగినదో తెలుసుకొనవలెను. తరిగినచో, ఎందుకని తమ వార్డు ప్రతినిధిని వ్రాతపూర్వకంగా అడుగవలెను. గేటుకు తాళం పడిన తరువాత చేసే ఆందోళన కంటె, పద్దు తరిగిననాడే వేసే ప్రశ్న ఎక్కువ ఫలితమిస్తుంది.